రెండు గ్లాసుల నురగ

“జడ దొరికింది. మనిషి దొరకలా. దొరకదు కూడా,” అన్నాడు ఎస్సై ధనంజయ, బల్ల మీది ప్లాస్టిక్ కవరును వేలితో తడుతూ. “ఏట్లో ఇసుక తోడిన గుంటలు ఎన్నుండాయో నీకూ తెలుసు గదమ్మా. యా గుంటలో పూడ్చినాడో కస్టడీలో నేను కక్కిస్తా. నువ్వు ఇంటికి పో. కాళ్ళ పారాణి ఆరలేదు, నీకెందుకీ నెత్తురు గోల?”

లోహిత తన కాళ్ళ వైపు చూసుకుంది. పారాణి ఎప్పుడో ఆరిపోయింది. ఆరనిది మెట్టెల సంబరం. పెళ్ళై ఇరవై రోజులైనా, గచ్చు మీద అడుగు పడి టక్కుమన్నప్పుడల్లా ఎవరో వెంట వస్తున్నారని వెనక్కి తిరుగుతోంది. ఆ వచ్చేది తనేనని తెలిసి లోలోపల మురిసిపోతోంది. డిటెక్టివ్ కాళ్ళకు ఉండాల్సిన చప్పుడు కాదని మొగుడు మునికుమార్ అప్పుడే వెక్కిరించాడు కూడా.

“పారాణికేం సార్, మళ్ళీ పెట్టుకోవచ్చు. కవరు విప్పుతారా?”

విప్పలేదు. కవరులోంచే చూడమన్నట్టు ముందుకు తోశాడు. మూరన్నర పొడుగు జడ. నల్లగా, దట్టంగా ఉంది. కొసన ఎర్ర ఉన్ని కుచ్చు. పై కొసను ఎవరో ఒక్క వేటుకు తెగనరికినట్టు కత్తి గాటు, దాని చుట్టూ గోధుమరంగుకు తిరిగిన నెత్తురు.

పుత్తూరు రోడ్డు పక్కన దేవరాజులు వెంట్రుకల కంపెనీ. విగ్గుల కోసం వెంట్రుకలు కడిగి, దువ్వి, కట్టలు కట్టి విదేశాలకు పంపుతారు. అందులో వెంట్రుకలు కడిగే ఉదయలక్ష్మి మంగళవారం సాయంత్రం నుంచి కనిపించడం లేదు. బుధవారం పొద్దున ఈ జడ ఆమె మొగుడు గోపీ నడిపే ఆటో సీటు కింద దొరికింది. గోపీ ఆమెను జడ పట్టుకుని ఈడ్చి మచ్చుకత్తితో నరకడం కళ్ళారా చూశానని కంపెనీ సూపర్‌వైజర్ పెంచలయ్య వాంగ్మూలం ఇచ్చాడు. కంపెనీకి తాళం పడింది, గోపీకి బేడీలు పడ్డాయి. ఇవాళ మూడు గంటలకు చిత్తూరు కోర్టులో హాజరు పెడతారు. అంతకు ముందు, చంపిన చోటు చూపించమని అతన్ని ఈ కంపెనీకే తెచ్చారు.

గోపీ తల్లి చౌడేశ్వరమ్మ నిన్న సాయంత్రం తిరుపతిలో లోహిత ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒకే మాట అంది: “నా బిడ్డ కోడిని కూడా కోయలేడమ్మా. కూరకు నా కోడలే కోసిస్తాది.”

*

పోలీసు జీపు గేటుకు అడ్డంగా, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలిచి ఉంది. వెనక సీట్లో గోపీ చెమటతో ముద్దైపోయి కూర్చున్నాడు.

“అన్నా, జీపు కొంచెం నీడకు జరుపప్పా,” అన్నాడు పెంచలయ్య కానిస్టేబుల్‌తో. “ఎంత పాపం చేసినోడైనా మనిషే గదా. సచ్చిపోతాడు ఎండకు.”

కానిస్టేబుల్ జీపును వేపచెట్టు కిందికి జరిపాడు. తను సాక్ష్యం చెప్పిన మనిషి మీద ఈ కాస్త దయ చూపినందుకు పెంచలయ్యను లోహిత మనసులో మెచ్చుకుంది. తర్వాత ఆ మెప్పు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు జలదరించేది.

“గోపీ, మీయమ్మ పంపితే వచ్చినాను. ఆ జడ మీ ఇంటామెదేనా?”

“ఆమెదే అక్కా.”

“ఎట్ల గుర్తుపట్టినావు?”

“కొసన కుచ్చు. నగరి సంతలో నేనే కొనిచ్చినాను.”

“కుచ్చు సరే. జుట్టు? తలంటి విరబోసుకుంటే యాడి దాకా వచ్చేది?”

గోపీ బేడీల చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“అడిగేది నిన్నే అబ్బా.”

“అది మాత్రం అడగొద్దక్కా. ఎవరికీ చెప్పనని మాటిచ్చినాను.”

“ఎవరికి?”

“ఆమెకే.”

“ఉరి పడతాదని తెలిసినా అదే మాటా?”

“ఆమే లేనప్పుడు నాకు ఉరైతే ఏంది, ఊయలైతే ఏంది,” అన్నాడు గోపీ. ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పలేదు.

పెళ్ళాం జుట్టు పొడుగు ఎంతో చెప్పడానికి మాట తప్పాల్సిన అవసరం ఏమిటి? ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. అదే సమయానికి ఫోన్ కిర్రుమంది. మునికుమార్ మాడిన దోసె ఫొటో పంపాడు. కింద, ‘నీ కోసం దాచిపెట్టినా, త్వరగా రా’ అని రాశాడు. లోహిత పెదవులు విచ్చుకున్నాయి. ఎదురుగా గోపీ వంగిన మెడ కనిపించింది. ఫోన్‌ను గభాలున సంచిలో పడేసింది.

*

కడిగే షెడ్డును పెంచలయ్యే చూపించాడు. నలభై దాటిన మనిషి, నుదుట చక్కగా దిద్దిన బొట్టు, మెత్తని మాట. షెడ్డులో వరసగా మూడు సిమెంటు తొట్లు ఉన్నాయి. నిన్న పొద్దున తాళం పడినప్పటి నుంచి అన్నీ ఎండిపోయి ఉన్నాయి.

“ఈ మొదటి దాంట్లో నురగ మందు పోస్తాం మేడమ్. ఎంత జిడ్డున్నా పీకేస్తాది. రెండోది మంచినీళ్ళు. మూడో దాంట్లో పులుపు కలిపిన నీళ్ళు, ఆపైన నూనె పూత. మూడోది లేకుంటే సరుకు గడ్డిపోచతో సమానం.”

లోహితకు డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ గుర్తుకొచ్చింది. వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి, ఇంటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి, అన్నీ కుదురు నుంచి కొస వైపుకు వాలి. ఘాటు డిటర్జెంటు ఆ పెంకులను లేపేస్తుంది. పులుపు నీళ్ళు మళ్ళీ పడుకోబెడతాయి. లేచిన పెంకులను అలాగే వదిలేస్తే వెంట్రుక చిక్కుపడుతుంది, ఎండిన ఈనెలా పుటుక్కున విరుగుతుంది.

“ఆ వెనక గది?”

“ఖాళీ డ్రమ్ములమ్మా. సూసేదానికి ఏం లేదు.”

చూడడానికి ఏమీ లేదన్న చోటే లోహిత ముందు చూస్తుంది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల నిజంగానే డ్రమ్ములున్నాయి. ఒక మూల కుంకుడుకాయల బొమ్మ వేసిన ఖాళీ షాంపూ సీసాలు గుట్టగా పోసి ఉన్నాయి. నేల తడిగా ఉంది. తూము మూతి దగ్గర గుప్పెడు తెల్లని నురగ.

లోహిత మోకాళ్ళ మీద కూర్చుంది. నురగలో కొన్ని వెంట్రుకలు. బెత్తెడు కూడా లేని తునకలు, రాగిరంగుకు తిరిగి, కొసలు చీపురులా చీలిపోయి ఉన్నాయి. ఒకటి వేళ్ళ మధ్య మడిచింది. చప్పుడు చేసి విరిగింది.

కంపెనీ మూతపడి ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. నురగ అంతసేపు బతకదు. ఈ పొద్దున ఎవరో ఇక్కడ ఒక తలను ఈ నీళ్ళలో ముంచారు.

లేచి వెనక తలుపులోంచి బయటికి చూసింది. గోడకు ఆనించి కంపెనీ మూత వ్యాను నిలబడి ఉంది. వెనక తలుపుకు తాళం. తలుపు సందులోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి.

“అందులో?”

“తడి సరుకు మేడమ్. ఆరబెట్టేలోపల పోలీసులు తాళమేసినారు,” అన్నాడు పెంచలయ్య వెంటనే. అతని చేతిలో ఫోన్ గిర్రున తిరుగుతోంది.

*

తిరుమలమ్మ అదే షెడ్డులో ఉదయలక్ష్మి పక్కన పనిచేసే మనిషి. వాంగ్మూలం కోసం ఎస్సై పిలిపిస్తే వచ్చి, గోడ నీడలో ముడుచుకుని కూర్చుంది. తలకు కొంగు గట్టిగా చుట్టుకుంది. లోహిత పక్కనే నేల మీద చతికిలబడి, సంచిలోంచి అత్త కట్టిచ్చిన మురుకుల పొట్లం విప్పింది.

“తీసుకో అత్తా. మా అత్త చేతివి. పండ్లు జాగ్రత్త.”

తిరుమలమ్మ నవ్వబోయి ఆపుకుంది. “కొత్త కోడలికి గట్టి మురుకులు పెట్టినాదంటే ఇంట్లో మాటలు తగ్గించాలని,” అంది.

“తగ్గలా. ఇంకా ఎక్కువైనాయి.” లోహిత గొంతు తగ్గించింది. “అత్తా, కొంగు ఎందుకట్ల బిగించినావు? ఇంత ఉక్కలో.”

తిరుమలమ్మ చెయ్యి తల మీదికి పోయింది. అటూ ఇటూ చూసి, కొంగు రెండు వేళ్ళ మేర జరిపింది. ముందువైపు నున్నగా మెరిసే చర్మం, దాని వెనక రాగిరంగు కుచ్చులు. తూములో దొరికిన తునకల్లాంటివే.

“నురగ మందా?”

“మా బుద్ధి గడ్డి తినింది. విదేశాలకు పొయ్యే సరుకు దాంట్లో ముంచితే పట్టు మాదిరి మెరుస్తా ఉంటే, మన తలకు మాత్రం మంచిది కాదా అని సీసాల్లో పోసుకొని ఇంటికి మోసినాం. మూడో తొట్టి పులుపు, నూనె మనకెందుకులే అనుకున్నాం. మొదట బలే నురగమ్మా! తల తేలికైపోయినట్లుండింది. ఆరు నెలలకు దువ్వెన నిండా జుట్టే.”

“ఉదయలక్ష్మికీ?”

“నాకంటే ఎక్కువ. ఆ పాప తల సూస్తే ఏడుపొచ్చేది. చిక్కు వెంట్రుకలు ఏరి సవరం కట్టిచ్చింది నేనే. అది తగిలించుకోకుండా గడప దాటేది కాదు. మొగుడికి, నాకు, చిక్కు వెంట్రుకలిచ్చిన పెంచలయ్యకు తప్ప ఇంకెవరికీ తెలీదు.”

లోహిత చేతిలోని మురుకు నోటి దాకా వెళ్ళి ఆగింది.

“ఆ సీసాలేంది అత్తా? కుంకుడుకాయ బొమ్మ వేసినవి?”

తిరుమలమ్మ గొంతు గుసగుసలోకి దిగింది. “అదేనమ్మా గొడవ. అదే నురగ మందులో వాసన కలిపి, కుంకుడు షాంపూ అని బస్టాండ్లలో అమ్ముతా ఉండారు. మేమంటే తెలివిలేక పోసుకున్నాం, చంటిబిడ్డల తల్లులు కొంటా ఉండారే అని ఆ పాప తిరగబడింది. ఒక క్యాను, నాలుగు సీసాలు యాడనో దాచింది. చిత్తూరులో మందుల ఆఫీసరుకు ఇస్తానని పెంచలయ్య మొహానే చెప్పింది. యాడ దాచిందో నాకు కూడా చెప్పలా.”

“చివరి మాట. ఆ వ్యానులో తడి సరుకు ఉండాదన్నాడు పెంచలయ్య.”

“తడి సరుకా? బండిలోనా?” తిరుమలమ్మ ముఖం చిట్లించింది. “తడి వెంట్రుకలు మూసి పెడితే ఒక్క రాత్రికే కుళ్ళు వాసన పట్టి పారెయ్యాల్సిందే. ఈడ ఎవరూ ఆ పని చెయ్యరమ్మా.”

ఆ మాట లోహిత విన్నది. విన్నది కానీ, అప్పటికే ఆమె మనసు జడ చుట్టూ పరుగెడుతోంది. గెలుపు ఇంత దగ్గరగా కనిపించినప్పుడు పక్క చూపు ఉండదు. లేచి ఆఫీసు గదిలోకి దాదాపు పరుగెత్తింది. మెట్టెలు టకటకమన్నాయి.

*

“ఇది ఆమె తల మీద మొలిచిన జడ కాదు సార్. సవరం.”

ధనంజయ పెద్దగా నవ్వాడు. “పెళ్ళిలో నీకు పెట్టినారే, అదా? పైన దారం ముడి ఏదమ్మా మరి?”

“నరికేసినారు. అందుకే పైకొస కత్తి గాటుతో ఉండాది.”

“ఎవరికి చెప్తావీ కతలు? మొగుడే ఆమెదని ఒప్పుకున్నాడు. కళ్ళారా చూసిన సాక్షి ఉండాడు. నెత్తురుండాది.”

“ఒక్క చిటికెడు వెంట్రుకలు ఇవ్వండి. మీ ముందే, పంచనామాకొచ్చిన వీఆర్వో ముందే చూపిస్తా. రేపు కోర్టులో గోపీ వకీలు ఇదే చేసి చూపిస్తే, పేపర్లో పడేది నా పేరు కాదు, మీదే.”

ఆ చివరి మాట పనిచేసింది. ధనంజయ మీసం కింద పెదవి బిగించి, వీఆర్వో చేత రాయించి, జడ నడుమ నుంచి ఒక చిటికెడు పాయ కత్తిరించి ఇచ్చాడు. గోపీని జీపులోంచి దింపి తెచ్చారు. తిరుమలమ్మ గుమ్మంలో నిలబడింది. పెంచలయ్య కిటికీ దగ్గర.

“ముందు ఇది చూడండి.” లోహిత పాయలోంచి ఒక వెంట్రుక తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. వెంట్రుక మెల్లగా ఎడమకు పాకింది. “పొలుసుల వాలు వల్ల వెంట్రుక ఎప్పుడూ కుదురు వైపుకే పాకుతాది. ఒకే తల మీది జడైతే అన్నిటి కుదుళ్ళూ పైనే ఉండాలి గదా? ఇది సూడండి.” రెండోది అదే చోట అలాగే నలిపింది. అది కుడికి పాకింది. మూడోది ఎడమకు. నాలుగోది కుడికి.

వీఆర్వో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“గారడీ,” అన్నాడు ధనంజయ.

“అయితే ఇంకో గారడీ.” లోహిత రెండు స్టీలు గ్లాసుల్లో వేడినీళ్ళు పోయించి, రెండింటిలోనూ షెడ్డు నుంచి తెప్పించిన నురగ మందు కలిపింది. ఒకదానిలో జడ పాయ వేసింది. ఆ తర్వాత ఒక్క క్షణం తటపటాయించి, తన వాలుజడ విప్పి, చెవి వెనక నుంచి అంతే పాయ కత్తిరించుకుంది. మొన్న శుక్రవారమే అత్త నాగరత్నమ్మ కుంకుడు రసంతో తలంటి, చివర గంజి పోసి, సాంబ్రాణి పట్టిన జుట్టు. ఆ రాత్రి మునికుమార్ ఆ వాసనకు ఏదో పాట కూడా కట్టాడు. పాయను కళ్ళు మూసుకుని రెండో గ్లాసులో వేసింది.

రెండింటినీ ఒకేలా వేళ్ళతో నలిపింది. నురగ గ్లాసుల అంచులు దాటి బల్ల మీదికి పొంగింది.

తన పాయను తీసింది. గరుకెక్కి, మెరుపు చచ్చింది. అయినా వేలితో దువ్వితే తిన్నగా సాగింది.

జడ పాయను తీసింది. అది పాయ కాదు. పిచ్చుక గూడులా ఉండగట్టింది. ధనంజయ దాన్ని రెండు చేతులతో లాగాడు. ఊడి రాలేదు, ఇంకా బిగుసుకుంది.

“పెంకులు అటూ ఇటూ తిరిగిన వెంట్రుకలు. మందు వాటిని లేపింది, ఒకదాన్నొకటి కరుచుకున్నాయి,” అంది లోహిత. “పది ఇళ్ళ దువ్వెనల్లోంచి ఏరిన చిక్కు సార్ ఇది. ఇప్పుడు చెప్పు గోపీ. మాట తప్పినట్టు కాదు, నేనే చెప్పేసినాను.”

గోపీ నేల మీద కూలబడ్డాడు. “అంతా ఊడిపొయ్యిందక్కా. అద్దం కూడా తిప్పి పెట్టేసింది. నేను తప్ప ఎవరూ సూడకూడదనింది. నాకు ఎట్లున్నా బాగుండేది…”

“సవరాన్ని పట్టుకుని ఈడిస్తే చేతికొస్తాది. మనిషి రాదు. నరకాల్సిన పనే లేదు,” లోహిత గొంతు పైకి లేచింది. తన తెలివి తనకే ముచ్చటగా వినిపిస్తోంది. “పెంచలయ్య చూసినానన్నది జరగలేదు. కత్తి గాటు, నెత్తురు తర్వాత పెట్టినవే. అసలు చంపే ఉంటే, ఆటోలో శవాన్నే పడేసేవాళ్ళు, జడెందుకు? శవం లేదు గనకే జడ. పోలీసులు వెతకడం మానేయాలి, అంతే. దాచిన క్యాను యాడుండాదో ఆమె నోటి నుంచి రాబట్టాలి. ఈ పొద్దున కూడా ఆ వెనక గదిలో ఆమె తలను నురగలో ముంచినారు. సార్, ఉదయలక్ష్మి బతికే ఉండాది!”

గోపీ తల ఎత్తాడు. ధనంజయ మొదటిసారి ఆమెను ‘అమ్మా’ అని వెక్కిరించకుండా చూశాడు. తిరుమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“పెంచలయ్యా!” అని గర్జించాడు ధనంజయ.

కిటికీ దగ్గర ఎవరూ లేరు.

“ఇప్పుడే…” తిరుమలమ్మ వెనక వాకిలి వైపు చెయ్యి చూపింది. “నువ్వు రెండో గ్లాసు కలిపేటప్పుడే పక్కనుంచి పొయ్యినాడమ్మా. ఫోన్లో ఓనరు దేవరాజులు సార్‌తో అనుకుంటా… ‘ఇంక దాచి లాభం లేదు, ముగించేస్తా’ అన్నాడు. లెక్కలేమో అనుకున్నా.”

లోహిత వెనక వాకిలికి పరుగెత్తింది. గోడ పక్కన వ్యాను లేదు. రోడ్డు మీది లారీల మోతలో అది కదిలిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. అది నిలబడిన చోట తడి మరక, మరకలో రాగిరంగు తునకలు రెండు. తడి సరుకు. కుళ్ళిపోతుందని ఎవరూ మూసి పెట్టని తడి సరుకు. తాము గంటసేపు మాట్లాడుకున్న గదికి ఇరవై అడుగుల దూరంలో, తాళం వేసిన తలుపు వెనక, నోరు కట్టేసిన మనిషి ఈ మాటల్లో సగమన్నా విని ఉంటుంది.

గేటు బార్లా తెరిచి ఉంది. దానికి అడ్డంగా నిలిచిన జీపు, పెంచలయ్య దయ వల్ల, వేపచెట్టు కింద చల్లగా ఉంది.

చచ్చిపోయిందని లోకం నమ్మినంతసేపే ఉదయలక్ష్మి ప్రాణానికి పూచీ. ఆ పూచీని లోహితే, అందరి ముందూ, మురిసిపోతూ, రెండు గ్లాసుల్లో కడిగేసింది.

“ఎటు పోయినాడో!” ధనంజయ జీపు తాళాల కోసం అరుస్తున్నాడు. “తిరుపతికా, చిత్తూరుకా?”

లోహిత రోడ్డు మీద వంగింది. వ్యాను వెనక తలుపు సందులోంచి కారిన తడి, కుదుపులకు చిన్నచిన్న తెల్లని చుక్కలై తారు మీద పడింది. ఆ చుక్కలు తిరుపతి వైపు తిరగలేదు, చిత్తూరు వైపూ తిరగలేదు. కొండ కింద పాడుబడిన రాళ్ళ క్వారీ వైపు, మట్టిబాటలోకి దిగాయి.

మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆమె చూస్తుండగానే మొదటి చుక్కలో బుడగలు ఒక్కొక్కటే పగిలి ఆరిపోతున్నాయి.